అంతరిక్షయానములలో మానవ మలమూత్రముల శుద్ధి, పునర్వినియోగము

భూమినుండి తీసికొనిపోయిన నీటిని, గాలిని, ఆహారమును మాత్రమే ఆధారముగా గొని నెలల తరబడి, సంవత్సరముల తరబడి ఆకాశమున సంచరింపవలసిన యాత్రికుల దేహములనుండి వెలువడు మూత్రమును, మలమును, చెమటను, ఊపిరిలోని తేమను హాని కలుగకుండ సేకరించి, నిర్దోషముగా జేసి, వానిలోని నీటిని, లవణములను, నత్రజనిని మరల వాడుకకు దెచ్చుట అంతరిక్ష జీవనాధార వ్యవస్థలో ఒక ప్రధానాంగము. అల్పకాలిక యాత్రలలో ఇది శుభ్రతకు, సౌకర్యమునకు సంబంధించిన విషయముగా మాత్రమే ఉండెను, దీర్ఘయాత్రలలో ప్రాణావశ్యకమైనది. గడచిన అర్ధశతాబ్దిలో మూత్రమునుండి నీటిని రాబట్టు విద్య పరిపక్వస్థితికి వచ్చినది. మలమును తిరిగి వాడుకకు దెచ్చు విద్య మాత్రము నేటికిని ప్రయోగశాలలలోనే నిలిచియున్నది.

పరిమాణములు

ఆరోగ్యవంతుడైన వయోజనుడు దినమునకు సుమారు లీటరున్నర మూత్రమును, 100 మొదలు 200 గ్రాముల వరకు మలమును విసర్జించును. మూత్రములో నూటికి 95 పాళ్లు నీరే. మిగిలినదానిలో యూరియాయు, ఉప్పును, ఇతర లవణములును ఉండును. మలములో నూటికి సుమారు 75 పాళ్లు నీరు; ఘనభాగములో జీర్ణము కాని పీచు, క్రొవ్వు, సూక్ష్మజీవులు ముఖ్యమైనవి. దేహము విడిచిపెట్టు నత్రజనిలో అధికభాగమును, భాస్వరములో సగమునకు మించిన భాగమును మూత్రముతోడనే పోవును గనుక, నీటికొరకైనను మొక్కల యెరువుకొరకైనను మొదట ఆశ్రయింపదగినది మూత్రమే. రోగకారక సూక్ష్మజీవుల దృష్ట్యా ప్రమాదకరమైనది మలము. ఈ రెండు ద్రవ్యములను వేర్వేరుగా సేకరించుట అంతరిక్ష శౌచవ్యవస్థకు మూలసూత్రము.

భూమ్యాకర్షణము చేయు పని

ఈ సమస్యయొక్క స్వరూపము తెలియవలెనన్న మొదట భూమిమీద మురుగునీటి గతిని పరిశీలింపవలెను. హైదరాబాదులోని నాంపల్లి, ఆబిడ్సు, కోఠి ప్రాంతములు మూసీనదికి ఉత్తరపు వైపున, నదివైపు వాలిన నేలమీద వెలసినవి. పూర్వపు బ్రిటిషు రెసిడెన్సీ భవనము, తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయపు మహిళా కళాశాలయైనది, ఈ వాలులోనే మూసీకి సమీపమున నున్నది. 1908 సెప్టెంబరు 28వ తేదీన వచ్చిన మూసీ వరదలో నగరము ధ్వంసమైన పిమ్మట నిజాము ప్రభుత్వముచే ఆహూతుడై వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య, వరదల నరికట్టు జలాశయములతోపాటు నగరమునకు భూగర్భ మురుగుకాలువల పథకమును గూడ సూచించెను. గొట్టములకు తగిన వాలు కల్పించినచో నీరు తనంతట దానే పల్లమునకు దిగును. దిగుచు మలమును కొట్టుకొనిపోవును. శుద్ధికేంద్రపు తొట్లలో బరువైనది అడుగున నిలుచును, తేలికయైనది పైకి తేలును, సూక్ష్మజీవులు పుట్టించు వాయువు బుడగలై పైకి వచ్చును. నగరమునకు తూర్పున మూసీ యొడ్డున నున్న అంబరుపేట శుద్ధికేంద్రము దినమునకు 33.9 కోట్ల లీటర్ల మురుగునీటిని గ్రహింపగల శక్తి గలది. అక్కడ ప్రాణవాయువుతో పనిలేని సూక్ష్మజీవులు గల బురదపొరగుండ నీటిని క్రిందినుండి పైకి ప్రవహింపజేయుదురు. ఈ క్రియలన్నింటిలోను, పైకి కనబడకున్నను, భూమ్యాకర్షణమే ప్రధాన సేవకుడు.

అంతరిక్షనౌకలో ఈ సేవకుడు లేడు. భూమిచుట్టు పరిభ్రమించు నౌకయు, దానిలోని మనుష్యులును, వస్తువులును ఒకే వేగమున నిరంతరము పతనావస్థయందే యుండుటచేత బరువనునది అనుభవమునకు రాదు. ద్రవము పల్లమునకు పోదు. ఉండలై గాలిలో తేలును, లేదా తాకిన తలమును అంటిపెట్టుకొనును. మలము దేహమునుండి విడివడుటకే కష్టపడును. బురద అడుగునకు దిగదు, బుడగ పైకి లేవదు. కావున మరుగుదొడ్డిలోను, కాలువలోను, శుద్ధికేంద్రములోను భూమ్యాకర్షణము ఉచితముగా చేసిపెట్టు ప్రతిపనిని గాలివిసురుతోను, పంపులతోను, గిరగిర తిరుగు పీపాలతోను, పొరలతోను చేయించుకొనవలసివచ్చినది. అంతరిక్ష శౌచవ్యవస్థయొక్క చరిత్రయంతయు ఈ ప్రత్యామ్నాయముల చరిత్రయే.

తొలి యాత్రలు

1961 మే 5వ తేదీన అమెరికా పక్షమున ప్రప్రథమముగా ఆకాశమునకు ఎగసిన అలన్ షెపర్డ్ యాత్ర పదిహేను నిముషములది గనుక మూత్రవిసర్జన విషయమున ఏ ఏర్పాటును జరుగలేదు. అయితే ప్రయోగము గంటలకొలది వాయిదా పడుటచేత ఆయన తన కవచములోనే మూత్రమును విడువవలసివచ్చినది. మరుసటి సంవత్సరము భూప్రదక్షిణము చేసిన జాన్ గ్లెన్ ధరించిన దుస్తులలో మూత్రసేకరణ సాధనము అమర్చబడెను.

చంద్రునికై సాగిన అపోలో యాత్రలలో మూత్రమును గొట్టముద్వారా శూన్యమునకు విడుచుచుండిరి. మలవిసర్జనకు వాడిన సాధనము అంచున బంకగల ప్లాస్టిక్కు సంచి. యాత్రికుడు దుస్తులు తొలగించుకొని ఆ సంచిని పిరుదులకు అతికించుకొనవలెను. మలము తనంతట తాను సంచియడుగునకు జారదు గనుక, సంచిలోనికి చొచ్చుకొనిన వ్రేలితొడుగు సాయమున దానిని వేరుచేయవలెను. పిమ్మట సూక్ష్మజీవనాశక ద్రవపు పొట్లమును లోపల వైచి, మూతి మూసి, మందు అంతట కలియునట్లు సంచిని చేతులతో పిసుకవలెను. ఈ పిసుకుటలో ఉపేక్ష జరిగినచో సూక్ష్మజీవులు వాయువును పుట్టించి సంచిని పగులగొట్టును. ఈ కార్యమునకు ముక్కాలుగంట పట్టెడిది. 1969 మే నెలలో అపోలో 10 నౌకలో మలఖండము గాలిలో తేలుచుండగా యాత్రికులు ఒకరినొకరు ప్రశ్నించుకొనిన సంభాషణ అధికారిక లిఖితప్రతులలో నిలిచియున్నది. చంద్రునిమీద దిగినవారు తిరుగుప్రయాణపు భారమును తగ్గించుటకై వ్యర్థముల సంచులను అక్కడనే విడిచి వచ్చిరి. అవి నేటికిని అక్కడనే యున్నవి.

1973లో ఎగసిన స్కైలాబు అను అమెరికా అంతరిక్ష కేంద్రమున గాలివిసురుతో పనిచేయు శౌచస్థానము గోడకు అమర్చబడినది. అందు సేకరించిన మలమును శూన్యమున ఆరబెట్టి, వైద్యపరీక్షలకై భూమికి తెచ్చిరి. 1981లో ఆరంభమైన షటిలు నౌకలలో ఈ గాలివిసురు పద్ధతియే స్థిరపడినది. మూత్రమును బయటికి విడుచుటలోని అనర్థము 1984లో డిస్కవరీ నౌక మొదటి యాత్రలో వెల్లడియైనది: విడుపుగొట్టము మూతివద్ద గడ్డకట్టిన మూత్రపు మంచుగడ్డ, తిరుగుప్రయాణమున విరిగి నౌకను దెబ్బతీయునేమోయను భయమున, దానిని నౌకయొక్క యంత్రబాహువుతో తట్టి రాల్చవలసివచ్చినది.

సోవియటు కేంద్రములు

బయట పారవేయుటకు బదులు తిరిగి గ్రహించుట అను భావమును ఆచరణలో మొదట పెట్టినవారు సోవియటు శాస్త్రజ్ఞులు. సల్యూత్ కేంద్రములలో, 1975 నాటి సల్యూత్ 4 మొదలుకొని, యాత్రికుల ఊపిరినుండియు చెమటనుండియు గాలిలో చేరిన తేమను చల్లార్చి నీటిగా మార్చి శుద్ధిచేసి వాడుకొనిరి. ఘనవ్యర్థములను మాత్రము చిన్న గాలిబిగింపు గదిద్వారా బయటికి నెట్టెడివారు. అవి క్రమముగా దిగజారి వాతావరణమున దగ్ధమయ్యెడివి.

ఈ కేంద్రములతో కోఠి, ఆబిడ్సు ప్రాంతమునకు ఒక సంబంధము కలదు. ఆబిడ్సులోని సెయింట్ జార్జి గ్రామరు పాఠశాలలోను, సమీపముననే బషీరుబాగులో నున్న నిజాం కళాశాలలోను చదివిన రాకేశ్ శర్మ, 1984 ఏప్రిల్ 3వ తేదీన సోయుజ్ టి-11 నౌకలో మలిషెవ్, స్త్రెకలోవ్ అనువారితో కలిసి ఎగసి, సల్యూత్ 7 కేంద్రమున వసించి, దాదాపు ఎనిమిది దినములకు తిరిగివచ్చెను. భారతీయుడొకడు అంతరిక్షమున వాసము చేసిన మొదటి ఘట్టమిది. ఆయన వెడలివచ్చిన మరుసటి సంవత్సరమే, మనుష్యులు లేని సమయమున విద్యుత్తు స్తంభించి ఆ కేంద్రము గడ్డకట్టుకొనిపోగా, దానిని బాగుచేయబోయిన జానిబెకోవ్, సవినిఖ్ అనువారికి నీటితొట్లు కరగువరకు త్రాగునీరే గండమైనది.

1986లో ఆరంభమైన మీర్ కేంద్రమున మరియొక అడుగు ముందుకు పడినది. అక్కడ మూత్రమునుండి గూడ నీటిని తీసిరి. అయితే దానిని త్రాగుటకు గాక, విద్యుత్తుతో విడగొట్టి ప్రాణవాయువును పుట్టించుటకు వినియోగించిరి.

అంతర్జాతీయ కేంద్రమున మూత్రశుద్ధి

2000 నవంబరు 2వ తేదీ మొదలు నిరంతరము మనుష్యులు వసించుచున్న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమునకు 2008 నవంబరులో ఎండెవరు నౌక అమెరికా తయారుచేసిన నీటిశుద్ధి యంత్రములను చేర్చినది. పరీక్షలు ముగిసిన తరువాత 2009 మే 20వ తేదీన గెన్నాది పదాల్కా, మైకేల్ బారట్, కోయిచి వకాత అను మువ్వురు యాత్రికులు, ముగ్గురు మూడు దేశములవారు, మూత్రమునుండి తీసిన నీటిని అధికారికముగా మొదటిసారి త్రాగిరి.

పద్ధతి ఇట్టిది. శౌచస్థానమున గరాటుగల గొట్టము గాలివిసురుతో మూత్రమును లాగుకొనగనే అందు ఆమ్లమును, క్రోమియము సంయోగమును కలుపుదురు. లేనిచో యూరియా విచ్ఛిన్నమై అమోనియా పుట్టును, గొట్టములలో సూక్ష్మజీవులు పెరుగును. ఈ ద్రవమును తిరుగుచున్న పీపాలోనికి పంపగా, ఆ భ్రమణముచే కలుగు కేంద్రాపసారిబలము భూమ్యాకర్షణమునకు మారుగా నిలిచి ద్రవమును గోడకు పలుచని పొరగా పరచును. పీపాలోని ఒత్తిడిని బాగుగా తగ్గించుటచే నీరు స్వల్పోష్ణమున ఆవిరియగును. ఆ యావిరిని ఒత్తి చల్లార్చగా వెలువడు వేడి మరల ఆవిరి పుట్టించుటకే ఉపయోగపడును. ఇట్లు వచ్చిన నీటిని గాలిలోని తేమనుండి తీసిన నీటితో కలిపి, జల్లెడలగుండను, శోషకద్రవ్యపు పొరలగుండను నడిపి, మిగిలిన సేంద్రియ మలినములను ఉత్ప్రేరకము నెదుట వేడిమిలో ప్రాణవాయువుతో దహింపజేసి, చివర అయొడిను కలిపి నిలువచేయుదురు.

ఈ యంత్రము మొదటి సంవత్సరములలోనే ఒక విచిత్రకారణముచే స్తంభించెను. భారరహితస్థితియందు ఎముకలు క్షీణించును. కరగిన కాల్షియము మూత్రములోనికి చేరును. అందువలన యాత్రికుల మూత్రములో కాల్షియము భూవాసుల మూత్రములోకన్న అధికమై, శుద్ధికై కలిపిన గంధకామ్లముతో కూడి కాల్షియం సల్ఫేటు స్ఫటికములై పీపాలో గట్టిపడెను. భూమిమీద పరీక్షలలో ఈ దోషము కనబడకపోవుటకు పరీక్షలకు తెచ్చిన మూత్రము భూవాసులదగుటయే కారణము. నూటికి 85 పాళ్లు రాబట్టుదమనుకొన్న నీటిని 70 పాళ్ల ప్రాంతమునకు తగ్గించుకొని కొంతకాలము నడపి, తుదకు గంధకామ్లమునకు బదులు భాస్వరికామ్లమును ప్రవేశపెట్టి మునుపటి గమ్యమును అందుకొనిరి.

పీపాలో నీరు పోగా మిగులు చిక్కని ఉప్పుద్రవమును చాలకాలము చెత్తతోపాటు పారవైచుచుండిరి. 2021లో చేర్చబడిన ఒక సాధనము ఈ నష్టమును గూడ తగ్గించినది. ఆ ద్రవమును ప్రత్యేకమైన పొరతో చేసిన సంచిలో నుంచి దానిమీదుగా వెచ్చని పొడిగాలిని నడపుదురు; ఆరవేసిన బట్టమీదుగా వేసవిగాలి వీచినప్పుడు తేమ ఎట్లు హరించునో అట్లే నీరు ఆవిరియై పొరను దాటి గదిగాలిలో చేరి, మామూలు త్రోవను శుద్ధియంత్రమునకు పోవును. దీని సహాయమున, అంతకుముందు నూటికి 93, 94 పాళ్లుగా నున్న మొత్తము నీటి పునర్లాభము 98 పాళ్లకు చేరినట్లు అమెరికా అంతరిక్ష సంస్థయైన నాసా 2023 జూనులో ప్రకటించినది. ఊపిరితో వెలువడు బొగ్గుపులుసు వాయువును ఉదజనితో సంయోగింపజేసి నీటిని పొందు సబాటియే పద్ధతిని గూడ 2010 మొదలు ఈ కేంద్రమున వాడిరి.

ఘనమల సమస్య

మూత్రము విషయమున ఇంత సాధింపబడినను మలము విషయమున జరుగుచున్నది సేకరణము, నిలువ, దహనము అను మూడు మాత్రమే. ఆసనము క్రిందినుండి గాలి లాగుచుండగా మలము గాలి చొరగల సంచిలో పడును. సంచిమూతి బిగించి డబ్బాలోనికి నెట్టి, క్రొత్తసంచి అమర్చుదురు. నిండిన డబ్బాలను పనిదీరిన సరకునౌకలో నుంచి విడిచిపెట్టగా, ఆ నౌక వాతావరణమున ప్రవేశించి సమస్తముతోగూడ దగ్ధమగును. 2020లో పంపిన నూతన శౌచస్థానము పరిమాణమున చిన్నదై, స్త్రీలకు పురుషులకు సమానముగా అనుకూలించునట్లు దిద్దబడినదేగాని, దాని యందును మలము గతి మాత్రము ఇంతే.

సాధారణమైన సేకరణము గూడ ఎంత సున్నితమైన పనియో 2021లో మరల తెలియవచ్చినది. ఒక వాణిజ్యనౌకలో మూత్రపు గొట్టము ఊడిపోయి నేలపలకల క్రింద ద్రవము చేరినట్లు కనుగొనబడగా, అదే తరగతికి చెందిన మరియొక నౌకలో తిరిగివచ్చు నలుగురు యాత్రికులు నవంబరు 8వ తేదీన శౌచస్థానము నుపయోగింపక, పీల్చు లోదుస్తులు ధరించి భూమికి దిగిరి. రెండు దినముల తరువాత వారి స్థానమునకు బయలుదేరిన బృందమునకు నాయకుడు, హైదరాబాదునుండి అమెరికాకు వలసపోయిన ఉస్మానియా పట్టభద్రుని కుమారుడైన రాజాచారి. వారి నౌకలో గొట్టపు అతుకులను సవరించిన తరువాతనే ప్రయాణము సాగినది. ఆయన బృందము 177 దినములు అంతరిక్షమున గడపి 2022 మే నెలలో తిరిగివచ్చినది.

మలమునుండి నీటినైన రాబట్టవలెనని వేడిచేసి ఆరబెట్టుట, గాలి చొరకుండ కాల్చి బొగ్గుగా జేయుట, వాయువులుగా విడగొట్టుట మొదలగు భౌతికరసాయన మార్గములను పరిశోధించుచున్నారు. ఉదజని అధికముగా గల పదార్థము కిరణప్రసారమును కొంత అడ్డుకొనునను సూత్రము ననుసరించి, ఆరిన మలపు సంచులను నౌకగోడల వెంబడి పేర్చి కవచముగా వాడవలెనను సూచన 2013లో ప్రకటితమైన ఒక ప్రైవేటు కుజయాత్రా ప్రణాళికలో చోటుచేసికొన్నది. ఆ యాత్ర జరుగలేదు.

జీవశాస్త్ర మార్గము

నీటిని రాబట్టుట యంత్రములకు సాధ్యము. మలములోని కర్బనమును, నత్రజనిని మరల అన్నముగా మార్చుట సూక్ష్మజీవులకు, మొక్కలకు మాత్రమే సాధ్యము. సైబీరియాలోని క్రస్నోయార్స్కు నగరమున 1972లో పని ప్రారంభించిన బయోస్ 3 అను మూసిన గృహములో మువ్వురు మనుష్యులు 180 దినములు వసించి, ప్రాణవాయువును, నీటిని, ఆహారములో కొంతభాగమును లోపలి పైరులనుండియు నాచునుండియు పొందిరి. అక్కడను మలమును ఆరబెట్టి నిలువచేయుటయే జరిగినది. అమెరికాలోని అరిజోనాలో 1991 సెప్టెంబరునుండి 1993 సెప్టెంబరు వరకు ఎనమండుగురు వసించిన బయోస్ఫియర్ 2 గృహములో మలమూత్రములను కృత్రిమముగా నిర్మించిన తుంగమడుగులలో శుద్ధిచేసి పైరులకు పారించిరి. చైనాలోని బైహాంగ్ విశ్వవిద్యాలయపు యుయెగుంగ్ 1 గృహములో 2017, 2018 సంవత్సరములలో స్వచ్ఛందసేవకులు వంతులవారీగా 370 దినములు వసించిరి.

వీనిలో అత్యంత శాస్త్రీయముగా విభజింపబడినది ఐరోపా అంతరిక్ష సంస్థ 1989లో ఆరంభించిన మెలిస్సా పథకము. చెరువులో ప్రకృతి కలగలుపుగా జరుపు పనిని ఈ పథకము అరలుగా విడదీసినది. మొదటి అరలో ప్రాణవాయువుతో పనిలేని, వేడిని సహించు సూక్ష్మజీవులు మలమును, కూరగాయల వ్యర్థమును విచ్ఛిన్నము చేయును. రెండవదానిలో వెలుతురును వాడుకొను సూక్ష్మజీవులు కొన్ని ఆమ్లములను హరించును. మూడవదానిలో అమోనియా నైట్రేటుగా మారును. నాలుగవదానిలో స్పిరులినా అను నాచు, పైరులు ఆ నైట్రేటును గ్రహించి ఆహారమును, ప్రాణవాయువును ఇచ్చును. అయిదవ యర మనుష్యులదే. దీని నమూనా కర్మాగారము బార్సెలోనా స్వతంత్ర విశ్వవిద్యాలయమున నెలకొల్పబడెను. 2018లో పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయపు పరిశోధకులు మలమును కుళ్లబెట్టగా వచ్చిన మీథేనుమీద బతుకు ఒక సూక్ష్మజీవిని పెంచి, దానిలో సగమునకు పైగా మాంసకృత్తులున్నట్లు చూపిరి.

భూమిమీద ఈ ప్రాణవాయురహిత సూక్ష్మజీవుల పని మనకు క్రొత్త కాదు. భారత రక్షణ పరిశోధనా సంస్థ మంచుకొండలలోని సైనికశిబిరములకొరకు రూపొందించిన సూక్ష్మజీవుల సముదాయమును రైలుపెట్టెల మరుగుదొడ్ల క్రింద బిగించిన ఉక్కుతొట్లలో 2011 మొదలు ప్రవేశపెట్టిరి. నేడు నాంపల్లి స్టేషనునుండి బయలుదేరు బండ్లలోను మలము పట్టాలమీద పడక ఈ తొట్లలో కరగి నీరుగాను, వాయువుగాను మారుచున్నది. ఇదే తొట్టిని అంతరిక్షమునకు పంపినచో పనిచేయదు: మలము తొట్టిలోని ఒక గదినుండి మరియొక గదికి దొర్లిపోదు, వాయువు ద్రవమునుండి విడివడదు, బురద నురుగై తొట్టియంతయు నిండును. జీవరసాయనక్రియ ఒక్కటే యైనను దాని చుట్టునున్న యంత్రము ఆమూలాగ్రము మారవలసియున్నది. పైగా ప్రయోగశాలలో వారములకొలది పట్టు ఈ క్రియ ఏదేని విషపదార్థముచే ఆగిపోయినచో నౌకలో క్రొత్త సూక్ష్మజీవులను తెచ్చుటకు వీలులేదు.

కుజయాత్రా గణితము

కుజగ్రహమునకు పోయి తిరిగివచ్చుటకు సుమారు మూడేండ్లు పట్టును. సౌలభ్యమునకై వేయి దినములనుకొందము. మనిషికి దినమునకు త్రాగుటకు, వంటకు, శుభ్రతకు 3.8 లీటర్ల చొప్పున నలుగురికి వేయి దినములకు 15,200 లీటర్ల నీరు కావలెను. పునర్లాభము నూటికి 93 పాళ్లయినచో సుమారు 1,060 లీటర్ల నీరు నష్టమగును; 98 పాళ్లయినచో నష్టము సుమారు 300 లీటర్లు మాత్రమే. ఈ అయిదు పాళ్ల తేడాలో ముప్పాతిక టన్ను భారము దాగియున్నది. అదే కాలమున నలుగురు విసర్జించు మలము, దినమునకు 150 గ్రాముల చొప్పున, 600 కిలోలు. అందు 450 కిలోలు నీరే. భూసమీపమున వలె సరకునౌకలో నింపి దహింపజేయుటకు అక్కడ వీలుండదు. కుజునిమీద పారవేయుటకు 1967 నాటి అంతరిక్ష ఒడంబడిక అడ్డువచ్చును. ఇతర గోళములను హానికరముగా మలినపరచరాదని దానిలోని తొమ్మిదవ అధికరణము. జీవము కలదా యని వెదకబోయిన చోటనే భూలోకపు సూక్ష్మజీవులను వెదజల్లినచో ఆ యాత్రకే అర్థముండదు.

భారతదేశము

తిరుపతి జిల్లాలోని శ్రీహరికోటనుండి ఎగురవలసిన గగనయానము సుమారు 400 కిలోమీటర్ల యెత్తున మూడు దినముల యాత్రగా ఉద్దేశింపబడినది. అట్టి యాత్రకు సేకరణము, దుర్గంధనివారణము చాలును, పునర్వినియోగము అవసరముకాదు. 2035 నాటికి నిర్మింపదలచిన భారతీయ అంతరిక్ష కేంద్రమునకు మాత్రము నీటిశుద్ధి తప్పనిసరి. 2025 జూన్, జూలై నెలలలో అంతర్జాతీయ కేంద్రమున గడపిన శుభాంశు శుక్లా చేతులమీదుగా జరిగిన భారతీయ ప్రయోగములలో ఒకటి ఈ విషయమునకు నేరుగా సంబంధించినది: నీలియాకుపచ్చ నాచుజాతి సూక్ష్మజీవులు భారరహితస్థితిలో నైట్రేటుమీద ఎట్లు పెరుగునో, యూరియామీద ఎట్లు పెరుగునో పోల్చిచూచుట దాని యుద్దేశము. యూరియా మనుష్యుని మూత్రమున సహజముగా లభించునది గనుక, నైట్రేటును తయారుచేయు పని లేకుండనే మూత్రమునుండి ఆహారమునకు దారి దొరకునా యని ఈ ప్రయోగము అన్వేషించుచున్నది.

మొత్తముమీద నీటివలయము దాదాపు మూసికొన్నది, అన్నవలయము తెరచియే యున్నది. మలమును శుద్ధిచేసి తిరిగి వాడుకొను యంత్రము ఏదియు నేటివరకు అంతరిక్షకేంద్రమున నిత్యవాడుకకు రాలేదు. కుజయాత్రకు పూనుకొను దేశము రాకెట్టుతోపాటు దానిని గూడ సిద్ధపరచుకొనక తప్పదు.